ముడత లేని మేజోడు

పది ఫలితాలు వచ్చిన సాయంత్రానికే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. 600కు 585 తెచ్చుకున్న పిల్ల పాకాలలో ఉన్నా, పలమనేరు పక్క పల్లెలో ఉన్నా జూనియర్ కాలేజీ పీఆర్వోలకు ఆ పిల్ల పేరు, నాన్న చేసే పని, ఇంటి అడ్రసు అన్నీ ముందే తెలిసి ఉంటాయి. ఫీజు వద్దంటారు, హాస్టలు ఉచితమంటారు, పోయినేడు ర్యాంకర్ల ఫొటోలున్న రంగుల కాగితం చేతిలో పెడతారు. ఒకరు లేచి వెళ్లేలోపు ఇంకొకరు చెప్పులు విప్పి లోపలికొస్తారు. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల ముఖం లీలామహల్ సర్కిల్లో హోర్డింగెక్కాలి. వాళ్లు పెట్టే పెట్టుబడంతా దానికోసమే.

అమెరికాలో బాస్కెట్‌బాల్ బాగా ఆడే హైస్కూలు పిల్లాడి ఇంట్లో కూడా అచ్చం ఇదే జాతర. అక్కడ ఆటకే జాతీయ ర్యాంకులిస్తారు, పిల్లల పేర్ల పక్కన చుక్కలేస్తారు. ఐదు చుక్కల పిల్లాడైతే పెద్ద యూనివర్సిటీల కోచ్‌లు స్వయంగా గడప తొక్కుతారు. ఆ పిలుపుకు, ఆ బేరానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘రిక్రూటింగ్’. అందులో వాగ్దానాలు, పొగడ్తలు, దొంగచాటు డబ్బు అన్నీ ఉన్నాయి. అయితే అందులోనే ఒక మనిషి ఎంత శుభ్రంగా, ఎంత తక్కువ మాటలతో పని చేసి చూపించాడో చెప్పడానికే ఈ వ్యాసం. ఆయన జాన్ వుడెన్. ఆయన్ను వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడు లూ ఆల్సిండర్. తర్వాతి కాలంలో లోకమంతా కరీమ్ అబ్దుల్ జబ్బార్ అని పిలిచింది ఇతన్నే.

ముందు పిల్లాడి సంగతి. 1947 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో పుట్టాడు. నాన్న పోలీసు ఉద్యోగి, సంగీతం చదువుకున్న జాజ్ వాద్యకారుడు కూడా. ఒక్కడే కొడుకు. పవర్ మెమోరియల్ అనే క్యాథలిక్ బడిలో చేరాడు. హైస్కూలు ముగిసే నాటికి ఏడడుగులు దాటాడు. ఆ ఎత్తుకు తోడు పాదాల్లో వేగం, చేతుల్లో మెత్తదనం ఉన్నాయి. అవి లేకుంటే ఎత్తొక్కటే ఏమీ చేయదు. అతను ఆడిన కాలంలో పవర్ జట్టు వరసగా 71 ఆటలు గెలిచింది.

ఆ వరసకు అడ్డం పడిన రోజు 1965 జనవరి 30. మేరీల్యాండ్‌లోని డిమాథా అనే బడి 46-43తో పవర్‌ను ఓడించింది. డిమాథా కోచ్ మోర్గన్ వూటెన్ ఆ ఆటకు ఎలా సిద్ధం చేశాడన్నది పీఈటీలందరూ తెలుసుకోవాల్సిన ముచ్చట. ఆల్సిండర్ చేయి ఎంత ఎత్తుకు లేస్తుందో తన పిల్లలకు నోటితో చెబితే అర్థం కాదు. అందుకని ప్రాక్టీసులో ఒక పొడుగు కుర్రాడి చేతికి టెన్నిస్ రాకెట్టిచ్చి రింగు ముందు నిలబెట్టాడు. రింగు వైపు వేసే బంతి ఆ రాకెట్టు మీదుగా పోవాలి. రోజుల తరబడి అలా వేసీ వేసీ బంతిని ఎంత వంపుతో పైకి లేపాలో వాళ్ల మణికట్లకు పట్టుబడింది. ఆట రోజు ఆల్సిండర్‌ను 16 పాయింట్ల దగ్గర ఆపేశారు. ఓ హైస్కూలు పిల్లాడిని ఆపడానికి ఇంత యోచన పెట్టాల్సి వచ్చిందంటే అతని స్థాయి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

దేశంలోని పెద్ద కాలేజీలన్నీ అతని కోసం ఎగబడ్డాయి. పవర్ కోచ్ జాక్ డోనహ్యూ ఆ వరదకు గట్టి కట్ట కట్టాడు. పత్రికలవాళ్లను పిల్లాడితో మాట్లాడనివ్వలేదు. కాలేజీల ఉత్తరాలు, ఫోన్లు తన దగ్గరే ఆపుకున్నాడు. పదిహేడేళ్ల వాడు ప్రశాంతంగా చదువుకోగలిగాడంటే ఆ కట్ట పుణ్యమే. అదే డోనహ్యూ ఓ ఆట మధ్య విరామంలో, సరిగా ఆడటం లేదన్న కోపంలో, నల్లజాతిని అవమానించే మాట ఆ పిల్లాడి మీద వాడాడు. ఆ మాట ఏళ్ల తరబడి మానని గాయమైంది. ఒకే గురువు దగ్గర రక్షణా దొరికింది, దెబ్బా తగిలింది. ఆ తర్వాత ఏ కోచ్ మాట విన్నా ఆ పిల్లాడు ఎంత తూచి తూచి విని ఉంటాడో మనం ఊహించవచ్చు. వుడెన్ పనితనం అర్థం కావాలంటే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

చివరికి నాలుగు కాలేజీలు మిగిలాయి. ఊళ్లోనే ఉన్న సెయింట్ జాన్స్, కొలంబియా, కాస్త దూరంలోని మిషిగన్, ఖండానికి అవతలి ఒడ్డున లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ. వుడెన్ అక్కడి కోచ్.

అప్పటికి వుడెన్‌కు 54 ఏళ్లు. ఇండియానా పల్లెలో పుట్టిన రైతు బిడ్డ. మొదట్లో కోచ్‌గా ఉంటూనే హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. 1948లో యూసీఎల్ఏకు వచ్చాడు. చేరిన 16వ సీజన్లో, అంటే 1964లో, తొలిసారి జాతీయ టైటిల్ గెలిచాడు. మరుసటేడు రెండోది. అంతకాలం జట్టు సాధన చేసింది గాలి కూడా సరిగా ఆడని పాత జిమ్‌లో. అక్కడ సాధన మొదలయ్యే ముందు ఆయనే మేనేజర్లతో కలిసి నేల తుడిచేవాడు. పిల్లలను వెంటాడి పట్టుకురావడం ఆయనకు బొత్తిగా నచ్చని పని. ఇతర రాష్ట్రాల పిల్లాడైతే తనంతట తాను ముందుగా పలకరించేవాడు కాదు. పిల్లాడి వైపు నుంచో, వాడి కోచ్ వైపు నుంచో మాట రావాలి. పోటీ ఇంత ఉన్న చోట ఇలాంటి నియమం పెట్టుకోవడం ఇప్పటికీ నాకు అబ్బురమే.

1965లో ఆల్సిండర్ యూసీఎల్ఏ చూడటానికి వెళ్లాడు. ఆ కలయికను కరీమ్ పెద్దయ్యాక తన పుస్తకాల్లో వివరంగా రాశాడు. అందులో నాకు ముఖ్యంగా అనిపించేవి వుడెన్ ఎత్తని మాటలే. నిన్ను అందరికంటే పెద్ద ఆటగాడిని చేస్తాననలేదు. మొదటి రోజు నుంచే నీ చుట్టూ జట్టు తిరుగుతుందనలేదు. ఎదురు కాలేజీల గురించి చెడు చెప్పలేదు. చదువు గురించి మాట్లాడాడు. మార్కులు బాగున్నాయని మెచ్చుకున్నాడు, ఇక్కడ చదువును తేలిగ్గా తీసుకోనివ్వమన్నాడు. ఊరంతా ‘లూ’ అని పిలిచే పిల్లాడిని నిండుగా ‘లూయిస్’ అని పిలిచాడు.

ఇది మర్యాద మాత్రమే అనుకుంటే పొరపాటు, ఇందులో చూపు ఉంది. ఆ ముందటి వేసవి, 1964లో, ఆల్సిండర్ హార్లెంలో నల్లజాతి యువకుల కోసం పెట్టిన పత్రికా రచన శిక్షణలో చేరి, మార్టిన్ లూథర్ కింగ్ పత్రికా సమావేశానికి విలేకరిగా వెళ్లాడు. పుస్తకాలు, జాజ్, చరిత్ర అతని లోకం. తర్వాత డిగ్రీ కూడా చరిత్రలోనే చేశాడు. ఎత్తు చూసి నోరు తెరిచినవాళ్లు, పాయింట్లు లెక్కపెట్టినవాళ్లు అప్పటికే చాలామంది. చదువుకునే కుర్రాడిగా చూసి పలకరించిన మనిషి దొరకడం అతనికి అరుదు. వుడెన్‌లోని బడి పంతులు ఆ పని ఏ ప్రయాసా లేకుండా చేశాడు. అది అమ్మకం కోసం తయారుచేసుకున్న మాట అయ్యుంటే, డోనహ్యూ దెబ్బ తిన్న పిల్లాడు ఇట్టే పసిగట్టేవాడు.

ఇంకా కడుతున్న కొత్త ఇండోర్ స్టేడియం కూడా చూపించారు. అదే పాలీ పెవిలియన్. అది ఆకర్షణే, కాదనను. అంతకంటే బలమైన పని మాత్రం ఏళ్ల ముందే జరిగిపోయి ఉంది. ఒలింపిక్ డెకాథ్లాన్ వీరుడు, నల్లజాతివాడైన రేఫర్ జాన్సన్ యూసీఎల్ఏ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. టీవీలో ఎడ్ సలివన్ కార్యక్రమానికి అతను వచ్చినప్పుడు ఆ హోదాతో పరిచయం చేశారు. న్యూయార్క్‌లో కూర్చుని అది చూసిన చిన్నవాడైన ఆల్సిండర్ మనసులో ఆ సంగతి నాటుకుంది. ఆపైన ఇద్దరు యూసీఎల్ఏ పూర్వ విద్యార్థులు అతనికి ఉత్తరాలు రాశారు. ఒకరు 1950లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఐక్యరాజ్యసమితి అధికారి రాల్ఫ్ బంచ్. ఇంకొకరు బేస్‌బాల్లో తెల్లవాళ్ల గోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్. ఈ ముగ్గురూ ఆ కాలేజీలో చదివి, గౌరవంగా బతికి చూపించినవాళ్లు. కాలేజీ తన పాత విద్యార్థులను ఎలా చూసిందన్నదే కొత్త పిల్లాడికి చేరే అసలైన కబురు. దాన్ని వేసవిలో నాలుగు వారాల్లో తయారు చేయడం ఏ పీఆర్వో తరమూ కాదు.

వుడెన్ న్యూయార్క్ వెళ్లి తల్లిదండ్రులనూ కలిశాడు. అక్కడా అదే ధోరణి. 1965 మే నెలలో పవర్ బడి జిమ్‌లో పత్రికలవాళ్ల ముందు ఆల్సిండర్ నిలబడి యూసీఎల్ఏకు వెళ్తున్నానని ప్రకటించాడు.

ఇక రిక్రూటింగ్ అయిపోయిందనుకునే చోట నుంచే వుడెన్ పని మొదలవుతుంది. దేశమంతా పత్రికల్లో రాసిన పిల్లాడు, కొత్త స్టేడియం, వరసగా రెండు టైటిళ్లు. మొదటి రోజు సాధనకు వచ్చిన కుర్రాళ్లకు కోచ్ ఏం నేర్పి ఉంటాడు? మేజోళ్లు తొడుక్కోవడం. ఆయన ప్రతి ఏటా చెప్పిన మొదటి పాఠం అదే. మేజోడును వేళ్ల మీదికి ఎక్కించి, పాదం ముందు భాగం మీద, మడమ చుట్టూ చేత్తో రాస్తూ ముడత అన్నది లేకుండా సర్దాలి. ముఖ్యంగా చిటికెన వేలి దగ్గర, మడమ దగ్గర. పైకి లాగి పట్టుకుని, అలా లాగి పట్టుకున్నప్పుడే బూటు తొడగాలి. తర్వాత లేసు. పై రెండు కన్నాల దగ్గర లాగి ముడేసి వదిలేస్తే కుదరదు. కింద నుంచి ఒక్కో కన్నం దగ్గరా బిగిస్తూ పైకి రావాలి, చివర రెండు ముళ్లు వేయాలి.

కారణం కూడా దాచకుండా చెప్పేవాడు. ముడత ఉంటే బొబ్బ వస్తుంది. బొబ్బ వస్తే సాధన పోతుంది. సాధన పోతే ఆట పోతుంది. లేసు వదులైతే ఆట మధ్యలో ఆగాల్సి వస్తుంది. జాతీయ స్థాయి ఆటగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారని కరీమ్ రాశాడు. ఏడడుగుల కుర్రాడు, ఇంకా పేరు తెలియని కుర్రాడు, ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఒకే రకంగా పాదాలు సర్దుకున్నారు. జట్టులో ఎవరికీ ప్రత్యేకం లేదన్న కబురు ఉపన్యాసం అక్కర్లేకుండా అందింది.

మన దగ్గర పీఈటీ సార్లకు ఇది వింతగా తోచదు. తిరుపతి తారకరామ స్టేడియంలోనో, చిత్తూరు మెసానికల్ గ్రౌండులోనో జిల్లా పోటీలకు వచ్చే పిలకాయల్లో సగంమంది కాళ్లకు అన్న బూట్లు. సైజు సరిపోక ముందు గుడ్డ కుక్కుకుని వస్తారు. మూడో ఆటకల్లా కుంటుతారు. మంచి పీఈటీలు మొదట చూసేది ఆ పాదాలనే. వాళ్ల పేర్లు పేపర్లో రావు, అయినా వుడెన్ చేసిన పని వాళ్లు ఏటేటా చేస్తూనే ఉన్నారు.

వుడెన్ సాధనను కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 1974-75 ఆయన చివరి సీజన్. రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన సాధన వేళల్లో పక్కన కూర్చుని నోట్లోంచి వచ్చే ప్రతి బోధన మాటనూ గుర్తు పెట్టారు. మొత్తం 2,326 లెక్క తేలాయి. అందులో మెచ్చుకోలు 6.9 శాతం. అసంతృప్తి 6.6 శాతం. దాదాపు 75 శాతం ఒట్టి సమాచారమే. ఏం చేయాలి, ఎలా చేయాలి, అంతే. తప్పు చేసిన కుర్రాడిని ఆపి, సరైన పద్ధతి చేసి చూపేవాడు. వెంటనే కుర్రాడు చేసిన తప్పును చేసి చూపేవాడు. మళ్లీ సరైనది చూపేవాడు. మొత్తం కొన్ని క్షణాలు, ఆట మళ్లీ సాగిపోయేది. రెండు గంటల సాధన కోసం పొద్దున సహాయకులతో కూర్చుని అంతే సేపు ఆలోచించేవాడు. ఏ నిమిషంలో ఏది చేయించాలో చిన్న కార్డు మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాడు. ఆ కార్డులు ఏళ్ల తరబడి దాచుకున్నాడు కూడా.

ఈ లెక్కలు చదివాక ఆ 1965 కలయిక నాకు ఇంకోలా కనబడింది. కాలేజీ చూడటానికొచ్చిన పిల్లాడితో మాట్లాడిన తీరు, కోర్టు మీద మాట్లాడిన తీరు ఒక్కటే. పొగడ్త తక్కువ, పని ఎక్కువ. పిలిచేటప్పుడు తేనె, చేరాక చేదు అన్న తేడా లేదు. యూసీఎల్ఏలో ఆల్సిండర్‌కు ఇబ్బందులు లేకపోలేదు. జాతి వివక్ష అక్కడా ఎదురైంది, ఒంటరితనం వేధించింది, చేతిలో పైసా ఉండేది కాదు. వుడెన్ కాలంలోనే డబ్బున్న అభిమాని ఒకరు నియమాలకు విరుద్ధంగా ఆటగాళ్లకు సాయం చేశాడని తర్వాత బయటపడింది. తన జట్టు చుట్టూ ఏం జరుగుతోందో వుడెన్ ఇంకా గట్టిగా చూసుకుని ఉండాల్సింది. కోర్టు మీద ఉన్నంత శ్రద్ధ అక్కడ లేకపోయిందని నా అభిప్రాయం.

ర్యాంకుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఆల్సిండర్ విషయంలో ర్యాంకు నిజం పలికింది. స్టీఫెన్ కరీ విషయంలో పలకలేదు. నార్త్ కరోలినాలో హైస్కూలు చదివిన సన్నటి కుర్రాడు. తల్లిదండ్రులిద్దరూ చదివిన వర్జీనియా టెక్ సైతం పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ కోచ్ బాబ్ మెకిలప్, లాస్ వేగస్‌లో జరిగిన ఓ పోటీలో అతన్ని చూశాడు. ఆ రోజు కరీ చాలా పేలవంగా ఆడాడు. బంతులు చేజార్చాడు, షాట్లు తప్పాడు. మెకిలప్ చూసింది వేరే. తప్పు జరిగితే తోటివాడి మీదికి నెట్టలేదు. బెంచీ మీద కూర్చోబెడితే అక్కడి నుంచే జట్టును ఉత్సాహపరిచాడు. కోచ్ మాట్లాడుతుంటే కళ్లలోకి చూసి విన్నాడు. ఆ పేలవమైన ఆట చూసే మెకిలప్ ఇతను కావాలని నిశ్చయించుకున్నాడు. 2008 జాతీయ టోర్నీలో కరీ ఆడిన ఆ చిన్న కాలేజీ గొంజాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను ఓడించి, కాన్సస్ చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో ఆగింది.

మన స్పోర్ట్స్ స్కూళ్ల ఎంపిక దీనికి పూర్తిగా వేరు. కడప వైఎస్సార్ క్రీడా పాఠశాలకైనా, అంతకు ముందు నుంచీ ఉన్న హకీంపేట బడికైనా 4వ తరగతికి చిన్నపిల్లలను మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వడపోస్తారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్లు, షటిల్ రన్, నిలబడి దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచి వేళ్లు ఎంత దూరం అందుతాయో చూడటం. ఒక్కోదానికి మార్కులు. ఏ ఆటా తెలియని పేద పిల్లకు కూడా సమానంగా అవకాశమివ్వడానికి ఇదే న్యాయమైన దారి. సిఫారసుకు చోటు లేకుండా టేపు, స్టాప్‌వాచ్ తీర్పు చెబుతాయి. ఇది గొప్ప విషయం. అయితే మెకిలప్ చూసినది టేపుకు అందదు. పరుగులో పడిపోయిన పిల్ల లేచి ఏం చేసిందో, పక్కపిల్ల గెలిస్తే మొహం ఎలా పెట్టిందో ఆ మార్కుల పట్టీలో గడి లేదు. మైదానం చివర నిలబడి రోజంతా గమనించే సీనియర్ కోచ్ మాటకు కొంత తూకం ఇస్తే బాగుంటుందని నా విన్నపం.

ఇప్పుడు అమెరికాలో ఈ వ్యవహారమే మారిపోయింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, ముఖం మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వవచ్చు. పైసా లేక తిరిగిన ఆల్సిండర్ లాంటివాళ్లకు ఇది ఏనాడో దక్కాల్సిన న్యాయం. కాకపోతే డబ్బు అంకె ముందుకొచ్చేసరికి, ఆ కోచ్ రోజూ రెండు గంటలు ఏం నేర్పుతాడన్న ప్రశ్న వెనక్కి పోతోంది. పిల్లాడు రోజూ గడపాల్సింది మాత్రం ఆ రెండు గంటల్లోనే.

ఆల్సిండర్ తొలి ఏడాదికి వద్దాం. అప్పటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు పెద్ద జట్టులో ఆడకూడదు. 1965 నవంబరు 27న పాలీ పెవిలియన్‌లో కొత్త పిల్లల జట్టుకు, దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న తమ సొంత పెద్ద జట్టుకు ఆట పెట్టారు. పిల్లలు 75-60తో గెలిచారు. ఆల్సిండర్ 31 పాయింట్లు, 21 రీబౌండ్లు. తర్వాతి మూడేళ్లు జట్టు 88 ఆటలు గెలిచి రెండే ఓడింది. మూడేళ్లూ జాతీయ టైటిలే.

ఆ మూడింటిలో మొదటి టైటిల్ రాగానే 1967లో కాలేజీ ఆట పెద్దలు డంక్‌ను నిషేధించారు. బంతిని రింగు పైనుంచి చేత్తో కుక్కడం ఇక కుదరదు. ఇది తన మీద పెట్టిన నియమమేనని ఆల్సిండర్ నమ్మాడు, నొచ్చుకున్నాడు. వుడెన్ అతనితో కలిసి తిట్టుకుంటూ కూర్చోలేదు. దీనివల్ల నీ ఆట ఇంకా మెరుగవుతుందన్నాడు. ఓదార్పుగా అన్న మాట కాదది, రేపటి సాధనకు పెట్టిన పని. చిన్నప్పుడే పట్టుబడిన హుక్ షాట్ మీద ఇద్దరూ పడ్డారు. ఒంటిని పక్కకు తిప్పి, చేయి నిలువుగా చాచి, వేళ్ల చివర్ల నుంచి రింగు మీదికి వదిలే బంతి. అడ్డుకోబోయేవాడికి మధ్యలో ఆల్సిండర్ భుజం అడ్డం, బంతి మాత్రం ఆకాశంలో. దాన్ని కుడి ఎడమలుగా, దగ్గరా దూరంగా, వేల సార్లు వేయించారు. 1984 ఏప్రిల్ 5న లాస్ వేగస్‌లో విల్ట్ చేంబర్లేన్ పేరు మీదున్న 31,419 పాయింట్ల ఎన్‌బీఏ రికార్డును కరీమ్ దాటింది కూడా హుక్ షాట్‌తోనే. 38,387 పాయింట్లతో అతను ఆట మానాక ఆ అంకెను 2023 ఫిబ్రవరి దాకా ఎవరూ అందుకోలేదు.